కెజియాకు గోధుమ పడదని తెలిసిన ఏడాది

2015 జూన్‌లో నన్ను కర్నూలులో, ఒక ప్రభుత్వ ఆసుపత్రి పిల్లల విభాగం పక్కనే నడిచే పోషకాహార పునరావాస కేంద్రానికి డైటీషియన్‌గా వేశారు. అంతకుముందు పందొమ్మిదేళ్లు పెద్దవాళ్ల వార్డుల్లో పనిచేశాను. చక్కెర జబ్బు వాళ్లకు, మూత్రపిండాల జబ్బు వాళ్లకు పథ్యం రాసివ్వడం నా పని. పిల్లల సంగతి నాకు పుస్తకాల్లో చదివినంత వరకే తెలుసు. యాభై ఏళ్లు దాటాక కొత్త పని నేర్చుకోవలసి వచ్చిందని మొదట కొంచెం విసుక్కున్నాను.

కేంద్రం అంటే పెద్దదేమీ కాదు. పది మంచాల గది, దాని వెనక వంటిల్లు, తలుపు పక్కన తూకం బల్ల. బాగా చిక్కిపోయిన, ఐదేళ్ల లోపు పిల్లలను ఇక్కడ చేర్చుకుంటారు. చేర్చుకోవాలా వద్దా అన్నది అంగన్‌వాడీ టీచరు దగ్గర ఉండే రంగుల టేపుతోనే చాలావరకు తేలిపోతుంది. జబ్బకు చుట్టినప్పుడు ఎరుపు గీత దగ్గర ఆగితే ఆ బిడ్డను మా దగ్గరికి పంపుతారు. తల్లీ బిడ్డా పద్నాలుగు రోజులు ఉండాలి. మొదటి కొన్ని రోజులు పాలు, చక్కెర, నూనె కొలిచి కలిపిన పల్చటి ఆహారం రెండు గంటలకొకసారి ఇస్తాం. ఎండిపోయిన ఒళ్లు ఒక్కసారిగా ఎక్కువ తిండి తట్టుకోలేదు. ఒళ్లు తేరుకున్నాక అదే పాలు చిక్కగా ఇస్తాం, కొంచెం అన్నం, పప్పు, గుడ్డు కలుపుతాం. పదో రోజు నుంచి ఇంటి తిండి అలవాటు చేస్తాం. అంటే గోధుమరవ్వ ఉప్మా, గోధుమలు, పప్పులు కలిపి ఆడించిన పౌష్టికాహార పిండి జావ, కిచిడీ లాంటివి. ప్రతి పొద్దున బరువు చూసి పట్టికలో చుక్క పెడతాం. చేరిన నాటి బరువు మీద ఏడో వంతు దాకా పెరిగితే ఇంటికి పంపి, పదిహేను రోజులకొకసారి చొప్పున నాలుగుసార్లు రమ్మంటాం.

కెజియా మా దగ్గరికి వచ్చింది ఆ మరుసటి ఏడాది ఫిబ్రవరిలో. పత్తికొండకు ఆరేడు కిలోమీటర్ల దూరంలో ఒక పల్లె వాళ్లది. తండ్రి దానియేలు టమోటా మార్కెట్‌లో బాక్సులు ఎత్తే పనికి పోయేవాడు. తల్లి సువార్తమ్మ కూలి పనులకు పోయేది. ఇంట్లో దానియేలు తల్లి సంతోషమ్మ ఉండేది, పగలంతా పాప ఆమె చేతుల్లోనే. పాపకు మూడేళ్లు నిండి రెండు నెలలు. బరువు ఎనిమిది కిలోల రెండు వందల గ్రాములు. కాళ్లూ చేతులూ పుల్లల్లా ఉన్నాయి, పొట్ట మాత్రం ముందుకు పొడుచుకు వచ్చింది. జుట్టు పల్చగా, రాగి రంగులో ఉంది. రోజుకు ఐదారుసార్లు విరేచనం.

నన్ను కలవరపెట్టింది అవేవీ కావు. ఆ పాప ఏడ్చేది కాదు, నవ్వేది కాదు. తూకం బల్ల మీద కూర్చోబెడితే ఎక్కడ పెట్టిన చెయ్యి అక్కడే ఉంచి, మా ముఖాలకేసి కాకుండా మా వెనక గోడకేసి చూసేది.

అప్పటికే వాళ్లు చాలా తిరిగారు. ఊళ్లో ఆర్‌ఎంపీ నులిపురుగుల మందు మూడుసార్లు ఇచ్చాడు. ఆదోనిలో ఒక డాక్టరు క్షయ ఏమోనని ఛాతీ ఫోటో తీయించాడు. ఇంకొకరు పేగుల్లో వేడి అన్నారు. పాస్టరుగారు ఇంటికి వచ్చి ప్రార్థన చేశారు. ఆ కాగితాలన్నీ సువార్తమ్మ ఒక ప్లాస్టిక్ సంచిలో తేదీల వారీగా పెట్టుకొచ్చింది. ఏడో తరగతి దాకా చదివిన మనిషి, మాట తక్కువ.

మొదటిసారి పద్నాలుగు రోజుల్లో పాప తొమ్మిది కిలోల నాలుగు వందలకు వచ్చింది. మేం సంతోషంగా పంపించాం. పదిహేను రోజుల తర్వాత వస్తే ఎనిమిది కిలోల తొమ్మిది వందలు. ఇంకో పదిహేను రోజులకు ఎనిమిది కిలోల నాలుగు వందలు. రెండోసారి చేర్చుకున్నాం.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. మా దగ్గర పెరిగిన బిడ్డ ఇంటికి పోయి తగ్గుతుంటే లోపం ఇంట్లోనే ఉందనుకున్నాను. పిండి ప్యాకెట్లు ఇచ్చి పంపాను కదా, ఎవరు తిన్నారని సువార్తమ్మను అందరి ముందూ అడిగాను. పాపకే పెట్టినానంది. ఎంత పెట్టావంటే గ్లాసు చూపించింది. నేను నమ్మలేదు. కేసు షీటులో పోషణ చరిత్ర అనే చోట ‘తల్లి నిర్లక్ష్యం, సరిగా తినిపించడం లేదు’ అని రాసి సంతకం చేశాను. ఆమె పాప గుడ్డలు ఉతకడానికి బయటికి వెళ్లింది.

రెండోసారి కూడా పాప పెరిగింది. పదకొండో రోజు పొద్దున విరేచనాలు మళ్లీ మొదలయ్యాయని నర్సు చెప్పింది. పన్నెండో రోజు బరువు పెరగలేదు. పదమూడో రోజు వంద గ్రాములు తగ్గింది. ఆ రోజు చుక్క పెట్టి, గీత కలిపి, ఏదో తోచక మొదటిసారి పట్టిక తీసి పక్కన పెట్టి చూశాను. రెండు గీతలూ ఒకేలా ఉన్నాయి. పదో రోజు దాకా పైకి పోయి, అక్కడ వంగాయి. మొదటిసారి అప్పటికే కావలసిన బరువు వచ్చేసింది కాబట్టి ఆ వంపును ఎవరూ పట్టించుకోలేదు. నేనూ పట్టించుకోలేదు.

పదో రోజు మేం కొత్తగా చేసేది ఒకటే. పాలూ అన్నమూ తగ్గించి రవ్వ ఉప్మా, పిండి జావ పెడతాం.

ఆ పట్టికలు రెండూ పట్టుకుని డాక్టర్ శైలజ దగ్గరికి వెళ్లాను. ఆవిడ పిల్లల విభాగంలో అసిస్టెంట్ ప్రొఫెసర్. ప్రొద్దుటూరు అమ్మాయి, నాకంటే ఇరవై ఏళ్లు చిన్న. పై చదువు ఉత్తరాదిన చదివి వచ్చింది. నేను చెప్పింది విని, రౌండ్స్ ఆపి, పాప పొట్ట మళ్లీ చూసింది, గోళ్లు చూసింది, కాగితాల సంచి మొత్తం తిరగేసింది. తర్వాత నన్ను పక్కకు పిలిచి సీలియాక్ జబ్బు కావచ్చు అంది. గోధుమలో, బార్లీలో గ్లూటెన్ అని ఒక మాంసకృత్తు ఉంటుంది. ఈ జబ్బు ఉన్నవాళ్లు అది తింటే వాళ్ల ఒంట్లోని రక్షణ వ్యవస్థే చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. మఖమలు గుడ్డ మీద నూగులా ఉండాల్సిన ఆ పొర నున్నగా అరిగిపోతుంది. ఇక ఏం తిన్నా ఒంటికి పట్టదు. తాను చదువుకున్న చోట వారానికొక బిడ్డనైనా ఇలా చూసేవాళ్లమని, ఇక్కడికి వచ్చాక ఇదే మొదటిదని చెప్పింది. మన వైపు అన్నమూ జొన్నలూ తినే జనం కాబట్టి ఇక్కడి డాక్టర్లకు ఈ అనుమానం వెంటనే రాదు, అది వాళ్ల తప్పు కాదు అని కూడా అంది.

నేను వంటింటికి వెళ్లి ఆ పూట జావ ఆపించబోయాను. డాక్టర్ శైలజ వద్దంది.

ఈ జబ్బు నిర్ధారణలో ఉన్న చిక్కు అదే. ముందు రక్తపరీక్ష, తర్వాత గొట్టం వేసి చిన్నపేగు నుంచి చిన్న ముక్కలు తీసి పరీక్షించడం. ఈ రెండూ అయ్యేదాకా బిడ్డ గోధుమ తింటూనే ఉండాలి. ముందే మానేస్తే పేగు మానడం మొదలుపెడుతుంది, పరీక్షలో ఏమీ కనబడదు. జీవితాంతం ఉంచాల్సిన పథ్యాన్ని అనుమానం మీద పెట్టకూడదు. కనుక రోజుకు రెండు బిస్కెట్లో, చిన్న గిన్నెడు ఉప్మానో తప్పదంది.

ఆ సాయంత్రం ఈ మాటలన్నీ సువార్తమ్మకు చెప్పే పని నాకు పడింది. గోధుమ అనగానే ఆమె తల ఎత్తింది.

“బన్ను తిన్న దినమే ఎక్కువైతాదని మొదటి తూరి వచ్చినప్పుడే చెప్పినా కదా మేడం. టీలోకి ముంచి పెడ్తాది మా అత్త. పాలు పడవేమో అంటిరి మీరు.”

నేను కేసు షీటు తెప్పించి వెతికాను. ఆమె చెప్పిన మాట అందులో ఎక్కడా లేదు. నాకు ఆ మాట విన్నట్టు గుర్తు కూడా లేదు. కానీ ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదని ఆ పాటికి నాకు తెలుసు. ఆసుపత్రి కాగితాల్లో రాసినదాన్ని చెరిపివేయకూడదు. ఒక గీత కొట్టి, దాని పైన సరైనది రాసి, తేదీ వేసి, సంతకం పెట్టాలి. నా వాక్యం మీద గీత కొట్టి, ‘తల్లి చెప్పిన వివరం నమోదు చేయలేదు, గోధుమ పదార్థాలతో విరేచనాలు పెరుగుతున్నట్టు తల్లి మొదటే గమనించింది’ అని రాశాను. ఆమె నా భుజం పక్కనుంచి అది చదివింది.

“ఇది ఎవురు సదువుతారు మేడం?” అని అడిగింది.

తర్వాత చూసే డాక్టర్లు చదువుతారని చెప్పాను. అయితే మంచిదే అంది. నేను క్షమించమని అడగాల్సింది. అడగకుండా రేపటి పాల లెక్క గురించి ఏదో మాట్లాడాను.

రక్త నమూనా హైదరాబాదు వెళ్లింది. ఫలితం వచ్చేదాకా పాపను మా దగ్గరే ఉంచుకున్నాం. మర్నాటి నుంచి బిస్కెట్ల పూట వచ్చింది. సువార్తమ్మ పాలగ్లాసు పట్టుకుంది కానీ బిస్కెట్టు ముట్టుకోలేదు.

“పడదని తెలిసినంక నా సేత్తో ఎట్ల పెట్టేది మేడం? మీరే పెట్టండి,” అంది. గోడ వైపు తిరిగి కూర్చుంది.

పెట్టాను. పాలలో నానబెట్టి చెంచాతో పెడితే కెజియా నోరు తెరిచింది. అంతవరకూ నా చేతి నుంచి ఏదీ తీసుకోని పిల్ల ఆ రోజు ఎందుకో తీసుకుంది. పందొమ్మిదేళ్లు జబ్బు చేసినవాళ్లకు వద్దన్నది మాన్పించడమే పనిగా బతికాను. వద్దని తెలిసింది పెట్టడం అదే మొదలు. ఉద్యోగంలో చేసిన పనుల్లో నాకు బాగా కష్టమైంది ఏదని ఎవరైనా అడిగితే అదే చెబుతాను. ప్రతి రోజూ నేనే పెట్టాను. ఆదివారాలు కూడా వచ్చి పెట్టి వెళ్లాను. ఆ పని నర్సులకు వదలాలనిపించలేదు. విరేచనాలు పెరిగాయి, బరువు తగ్గింది, సువార్తమ్మ గుడ్డలు ఉతుకుతూనే ఉంది. మా ఇద్దరి మధ్య ఆ రోజుల్లోనే స్నేహం లాంటిది కుదిరింది. ఒకరినొకరు ఏమీ అడగకుండా ఒకే మంచం చెరోవైపు కూర్చునేవాళ్లం.

నమూనా పంపిన పదో రోజుకు రక్తపరీక్ష ఫలితం వచ్చింది. ఈ జబ్బులో రక్తంలో పెరిగే ప్రతిరక్షకాల సంఖ్య ఉండాల్సిన దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఇక గొట్టం పరీక్ష మిగిలింది. మూడేళ్ల బిడ్డకు మత్తు ఇచ్చి అది చేసేవాళ్లు అప్పుడు మాకు దగ్గర్లో దొరకలేదు. పెద్దవాళ్లకు చేసే డాక్టర్లు ఉన్నారు, కానీ ఇంత చిన్నపిల్లకు తాము చేయలేమని న్యాయంగానే చెప్పారు. హైదరాబాదుకు పోతే తేదీ దొరకడానికి నెల పడుతుందన్నారు. అంటే ఇంకో నెల బిస్కెట్లు. డాక్టర్ శైలజ తనతో చదివినవాళ్లందరికీ ఫోన్లు చేసింది. చివరికి కడపలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి నెలకు రెండుసార్లు వచ్చిపోయే పిల్లల జీర్ణకోశ వైద్యుడు ఉన్నాడని తెలిసింది. ఆ వచ్చే శనివారం రమ్మన్నాడు.

నేను రెండు రోజులు సెలవు పెట్టి వాళ్లతో వెళ్లాను. అది నా విధి కాదు, ఎవరూ వెళ్లమనలేదు. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా బస్సు. దానియేలు పాపను ఒళ్లో పడుకోబెట్టుకుని దారి పొడవునా కాళ్లు కదపకుండా కూర్చున్నాడు. కడప డాక్టరు నెమ్మదైన మనిషి. పని ఇరవై నిమిషాల్లో అయిపోయింది. బయటికి వచ్చి, కంటికి కనిపించినంతలో పేగు పొర బాగా అరిగిందని, ముక్కల ఫలితం వారంలో కర్నూలుకే పంపుతానని, ఇక గోధుమ ఆపేయవచ్చని చెప్పాడు.

ఆ చివరి మాట సువార్తమ్మ రెండోసారి చెప్పించుకుంది. సంచిలో ఉన్న బిస్కెట్ ప్యాకెట్టు తీసి ఆసుపత్రి మెట్ల దగ్గర చెత్తబుట్టలో వేసింది. దానియేలు ఇడ్లీ కొనుక్కొచ్చాడు. బస్టాండులో ముగ్గురం నిలబడి తిన్నాం, పాప తండ్రి భుజం మీద నిద్రపోయింది.

వారం తర్వాత ఫలితం వచ్చింది, జబ్బు ఖాయమైంది. దీనికి మందు లేదు. గోధుమ, మైదా, రవ్వ, బార్లీ ఏ రూపంలోనూ జీవితాంతం ముట్టకపోవడమే వైద్యం. నేను ఆ పాపకు పథ్యం పట్టిక రాస్తూ ఒకటి గమనించాను. ఆ ఇంట్లో పెద్దవాళ్లు తినే జొన్నరొట్టె, కొర్రన్నం, రాగిసంగటి, వేరుశనగ చట్నీ అన్నీ ఆ బిడ్డకు పనికొచ్చేవే. ముద్దుబిడ్డ అని, బలం వస్తుందని ప్రత్యేకంగా కొని పెట్టినవే పడనివి. మేమిచ్చిన పిండి కూడా అందులో ఉంది.

ఇది సంతోషమ్మకు చెప్పడానికి నేను వాళ్ల పల్లెకు వెళ్లాను. ఆమెకు డెబ్బై దాటాయి. వసారాలో కూర్చుని అంతా విన్నది.

“ఊరంతా తింటాండారు కదమ్మా, మా పాపకే ఎందుకు పడదు?” అని అడిగింది. నాకు తెలిసినంత చెప్పాను, పుట్టుకతో వచ్చే గుణమని. ఆమె, “పొద్దున్నే పోయి వేడి బన్ను తెచ్చి నేనే పెడ్తి. ఇష్టంగా తినేది,” అంది. గొంతులో ఏ మార్పూ లేదు. చీర కొంగు మాత్రం వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ ఉంది.

మేమూ పెట్టామని, చదువుకున్నవాళ్లం మాకే తెలియలేదని చెప్పాను. ఆమె లేచి లోపలికి పోయి, డబ్బాలు ఒక్కొక్కటే తెచ్చి నా ముందు పెట్టి, ఏది ఉండొచ్చు, ఏది పోవాలి అని అడిగింది. ఇంగువ డబ్బా కూడా పోవాలంటే ఆశ్చర్యపోయింది. అంగట్లో దొరికే ఇంగువలో చాలావాటికి మైదా కలుపుతారని నాకూ ఆ నెలలోనే తెలిసింది.

ఆ తర్వాత మార్పు చూడాలి. ముందు వచ్చింది బరువు కాదు, కోపం. మూడు వారాలకు తూకానికి తెస్తే కెజియా బల్ల ఎక్కనని కాళ్లు తన్నింది. నా కళ్లజోడు లాగి పడేసింది. నర్సులందరూ వచ్చి చూశారు. అంతమంది ముందు అంత గట్టిగా అరిచిన ఆ పిల్లను నేను ఎత్తుకుని వరండా అంతా తిప్పాను. నాకు ‘బరువు మేడం’ అని పేరు పెట్టింది. నాలుగు నెలలకు పది కిలోలు దాటింది. పొట్ట తగ్గింది. జుట్టు నల్లబడింది.

ఆరు నెలలకు చేసిన రక్తపరీక్ష మాత్రం మమ్మల్ని ఆపింది. సంఖ్య తగ్గింది కానీ తగ్గాల్సినంత తగ్గలేదు. ఎక్కడో గోధుమ లోపలికి పోతోందని అర్థం. డాక్టర్ శైలజ నా వైపు చూసింది. నేను సువార్తమ్మ వైపు చూశాను.

“ఒక్క తునక పెట్టలేదు మేడం,” అంది ఆమె.

పెట్టలేదని నాకు తెలుసని చెప్పాను. మరుసటి ఆదివారం పొద్దున్నే వాళ్లింటికి వెళ్లి, ఏమీ అడగకుండా, వంట జరిగే చోట ఒక మూల కూర్చుంటానని అన్నాను. సంతోషమ్మ పీట వేసింది. పాలు వచ్చాయి, చూశాను. బియ్యం కడిగారు, పప్పు వేశారు. నూనె, కారం, ఉప్పు అన్నీ సరిగానే ఉన్నాయి. పదకొండు గంటలకు దానియేలు ఊళ్లో పిండిమర నుంచి జొన్నపిండి ఆడించుకొచ్చాడు. డబ్బా మూత తీసినప్పుడు పిండి పైపొర మిగతాదానికంటే తెల్లగా కనబడింది. వేలితో తీసి నలిపి చూశాను. జొన్నపిండి గరుకు దానికి లేదు.

ఆ మర మస్తాన్ అనే ఆయనది, చర్చికి రెండు వీధుల అవతల. దానియేలు నన్ను తీసుకెళ్లాడు. ఊరందరి గోధుమలూ జొన్నలూ ఒకే రాళ్ల మధ్య నలుగుతాయి. ముందు ఆడినవాళ్ల పిండి కొంత రాళ్లలో, పిండి దిగే గుడ్డగొట్టంలో ఉండిపోయి వెనక వచ్చినవాళ్ల డబ్బాలో పడుతుంది. మిగతా ఊరికి దాంతో నష్టమేమీ లేదు. మస్తాన్‌కు విషయం చెబితే మొదట తన మర మీద ఫిర్యాదు చేయడానికి వచ్చాననుకున్నాడు. తర్వాత కూర్చోమని టీ తెప్పించాడు.

“కొంచిం పడినా కడుపు పాడైతాదా మేడం?” అన్నాడు.

చిటికెడు చాలు, కంటికి కనబడనంతైనా చాలు అని చెప్పాను. ఆయన లేచి మర చుట్టూ ఒకసారి తిరిగాడు. రాళ్లు అరిగినప్పుడు వాటిని విప్పి ఉలితో గాట్లు కొట్టిస్తామని, అది రెండు మూడు వారాలకొకసారి ఉంటుందని వివరించాడు. ఆ రోజు రాళ్లు కడిగి ఆరబెడతారు.

“ఆ దినం మొదలు పాప జొన్నలే ఏస్తా. గుడ్డ కూడా వేరేది కుట్టిస్తా. ఫోన్ చేస్తాలే దానియేలప్పా, వచ్చి నిలబడు.”

ఆ మాట ఆయన తప్పలేదు. పిండి మధ్యలో అయిపోతే సంతోషమ్మ అటక మీది విసురురాయి దించి తానే విసిరేది. మరో ఆరు నెలలకు పరీక్ష చేస్తే సంఖ్య మామూలు స్థాయికి వచ్చింది. డాక్టర్ శైలజ ఆ కాగితాన్ని రెండుసార్లు చూసి, ఏం చేశారని నన్ను అడిగింది. పిండిమర సంగతి చెబితే, ఇది ఏ పుస్తకంలోనూ ఇలా రాయలేదు మేడం, తర్వాతి బ్యాచ్ వైద్య విద్యార్థులకు మీరే వచ్చి చెప్పండి అంది. వెళ్లి చెప్పాను.

ఆ డిసెంబరులో చర్చి ఆడవాళ్లు పండగ వంటకు కూర్చున్నప్పుడు సంతోషమ్మ మైదాతో చేసే కజ్జికాయల మూకుడు ఇంటికి రానివ్వలేదట. నువ్వులుండలు, అరిసెలు చేయించి, పిల్లలందరికీ అవే పంచాలని పట్టుబట్టిందట. కెజియా ఒక్కతే వేరే గిన్నె పట్టుకుని కూర్చోకూడదని ఆమె వాదన. రెండు రోజులు గొడవ జరిగి ఆమె మాటే నెగ్గిందని సువార్తమ్మ ఫోన్‌లో నవ్వుతూ చెప్పింది. ఆమె నవ్వగా వినడం నాకు అదే మొదటిసారి.

నేను 2021లో రిటైరయ్యాను. కెజియా ఇప్పుడు హైస్కూల్లో చదువుతోంది, తరగతిలో అందరికంటే పొడుగు కాకపోయినా అందరికంటే పొట్టి కాదు. సంతోషమ్మ పోయి మూడేళ్లైంది. రెండేళ్ల కిందట కోయిలకుంట్ల నుంచి ఒకామె నాకు ఫోన్ చేసింది. తన కొడుక్కి ఇదే జబ్బని తేలిందని, ఏం వండాలో తెలియడం లేదని ఏడ్చింది. నేను వెళ్తానని సువార్తమ్మకు చెబితే తానూ వస్తానంది. ఆ ఇంట్లో నేను పథ్యం పట్టిక తీసేలోపు సువార్తమ్మ వంటింట్లోకి పోయి, మీరు పిండి యాడ ఆడిస్తారు అని మొదలుపెట్టింది. మధ్యాహ్నం దాకా ఆమే మాట్లాడింది. ఇద్దరూ కలిసి రొట్టెలు చేశారు. నేను ఆ కుర్రవాడితో క్యారమ్స్ ఆడాను.

ఎంత తినాలి, ఎన్నిసార్లు తినాలి అని లెక్కగట్టడం నాకు చదువుతో వచ్చింది. ఎదుటి మనిషి ఏం తింటున్నాడో తెలియడానికి ఆ చదువు చాలలేదు. దానికి తల్లి చెప్పినప్పుడు వినాలి, చెప్పింది రాసుకోవాలి, అప్పటికీ తేలకపోతే వాళ్ల వంట దగ్గర ఒక పూట కూర్చోవాలి. పాతికేళ్ల ఉద్యోగంలో నేను అలా కూర్చున్నది ఒకే ఒక్క ఇంట్లో. ఇంకా చాలా ఇళ్లలో కూర్చోవలసింది.